అడవి మీద ఊరి హక్కు: నెల్లూరు, ప్రకాశం గూడేలకు దారి ఎక్కడ మూసుకుపోతోంది?

సారాంశం: 2006 నాటి అటవీ హక్కుల చట్టం కుటుంబానికి ఇచ్చే సాగు పట్టాతో ముగిసిపోదు. ఊరంతా తరతరాలుగా వాడుకొంటున్న అడవిని కాపాడుకొని నిర్వహించుకొనే అధికారాన్ని గ్రామసభకు గుర్తించింది. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ రెండో భాగం ముందుకు సాగాలంటే క్లెయిము (హక్కు కోరే దరఖాస్తు) మొదలయ్యే సభ గూడెం స్థాయిలో జరగాలి. ఆవాసాన్ని గ్రామంగా జాబితాకెక్కించడం, ఇరుగుపొరుగు ఊళ్లతో హద్దు తేల్చుకోవడం, పాత రికార్డులను వెలికితీయడం ఊళ్లకు ముందుగా అందవలసిన సాయం.

ఒకే చట్టం, వేర్వేరు హక్కుపత్రాలు

మార్కాపురం, ఉదయగిరి ప్రాంతాల్లో అటవీ హక్కుల మాట వస్తే ఎక్కువమంది మనసులో మెదిలేది ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల గుర్తింపు) పట్టా. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమిని సాగు చేసుకొంటున్న కుటుంబానికి, వాస్తవంగా సాగులో ఉన్న మేరకు, నాలుగు హెక్టార్లకు మించకుండా ఇచ్చే హక్కుపత్రం అది. వారసులకు సంక్రమిస్తుంది గాని అమ్ముకోవడానికి, బదలాయించడానికి వీల్లేదు. దీనికి ఫారం-ఎ నింపుతారు. గిరిజన సంక్షేమ శాఖ కార్యాలయాల చుట్టూ, ఎన్నికల హామీల్లో, పంపిణీ సభల్లో వినిపించేదంతా దాదాపు ఈ ఒక్క పత్రం గురించే కావడంతో, చట్టంలో ఇంకేమైనా ఉందన్న సంగతి చాలా గూడేలకు చేరనే లేదు.

ఫారం-బి ఊరుమ్మడి హక్కులకు సంబంధించినది. తేనె, మైనం, కుంకుడు, శీకాయ, ఉసిరి, చిల్లగింజలు, తునికాకు, వెదురు వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల సేకరణ, వాటిపై యాజమాన్యం, అమ్ముకొనే స్వేచ్ఛ ఇందులోకి వస్తాయి. పశువుల మేత, వాగుల్లో చేపల వేట, సంచార కాపరులు ఏడాదిలో ఒక కాలంలో మాత్రమే అడవిని ఆశ్రయించే ఆనవాయితీ కూడా ఇందులోనివే. ఫారం-సి మరో మెట్టు పైకి వెళుతుంది. చట్టంలోని సెక్షన్ 3(1)(ఐ) ప్రకారం, ఊరు సంప్రదాయంగా కాపాడుతూ వాడుకొంటూ వస్తున్న అడవిని సంరక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కును గ్రామసభ పేరిట గుర్తించేది ఈ పత్రమే. దీనినే సామూహిక అటవీ వనరుల హక్కు అంటున్నారు. ఫారం-బి వల్ల అడవిలోకి వెళ్లి తెచ్చుకొనే హక్కు స్థిరపడితే, ఎప్పుడు కోయాలి, ఎంత కోయాలి, ఏ గుట్టను కొన్నేళ్లు వదిలేయాలి అని నిర్ణయించే అధికారం ఫారం-సి వల్ల దక్కుతుంది.

వీటితో కలగాపులగమయ్యేది మరొకటి ఉంది. బడి, అంగన్‌వాడీ, మంచినీటి ట్యాంకు, కరెంటు లైను, రోడ్డు వంటి 13 రకాల సదుపాయాల కోసం, ఒక్కొక్కదానికి హెక్టారుకు మించని అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫార్సుపై కేటాయించే వీలును సెక్షన్ 3(2) కల్పించింది. ఇది అటవీ భూమిని మరో అవసరానికి మళ్లించే ఏర్పాటు. రోడ్డుకో ట్యాంకుకో స్థలం మంజూరైన ఊరికి సామూహిక హక్కు వచ్చినట్లు ఎవరైనా చెబితే, ఆ పత్రం ఏ సెక్షన్ కింద ఇచ్చినదో చూడాలి. ఈ తేడా తెలియకపోవడం వల్లనే మా ఊరికి హక్కు వచ్చేసిందని భావించి క్లెయిము పెట్టకుండా ఉండిపోయే ప్రమాదముంది.

అడవి ఊరి చేయి దాటిన క్రమం

ఇప్పటి చిక్కుకు మూలం 1882 నాటి మద్రాసు అటవీ చట్టంలో ఉంది. ఒక ప్రాంతాన్ని రిజర్వు అడవిగా ప్రకటించదలచినప్పుడు ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటన వేసి, అటవీ సెటిల్మెంటు అధికారిని నియమించి, హక్కులున్నవారు నిర్ణీత గడువులోగా చెప్పుకోవాలని కోరేది. గడువులోగా చెప్పుకోని హక్కులు రద్దయినట్లే. రైతు గ్రామాల నుంచి కొన్నిచోట్ల బాట హక్కు, నీటి హక్కు, మేత సౌలభ్యం నమోదయ్యాయి. కాగితంతో పనిలేకుండా కొండల్లో బతికే చెంచులు, యానాదులు ఆ విచారణకు హాజరై హక్కు చెప్పుకోగల స్థితిలో లేరు. నాటికి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. ఒకే నల్లమల గూడేనికి సంబంధించిన పాత కాగితం కర్నూలులో, తరువాతి కాగితం ఒంగోలులో ఉండడానికి కారణమిదే.

నెల్లూరు వైపు కథలో మరో మలుపు ఉంది. వెలిగొండల తూర్పు వాలులో గణనీయమైన భాగం వెంకటగిరి జమీందారీ కింద ఉండేది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ప్రభుత్వపరమైనప్పుడు అడవులు కూడా ప్రభుత్వానికి వచ్చాయి. సంస్థానం నాటి ఆనవాయితీ అనుమతులు మాత్రం కొత్త వ్యవస్థలో హక్కులుగా మారలేదు.

యానాదులను ఈనాడు ఎక్కువగా చెరువు గట్ల వద్ద, రొయ్యల గుంటల వద్ద, తోటల కాపలాల్లో చూడడం అలవాటు కావడంతో వారికి అడవితో సంబంధం లేదనే అభిప్రాయం పాతుకుపోయింది. చరిత్ర అందుకు భిన్నంగా ఉంది. అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట అడవుల్లో తేనె, మైనం, వనమూలికలు సేకరించే నైపుణ్యం యానాదులదే. 19వ శతాబ్దంలో ప్రభుత్వం ఆ దీవిని స్వాధీనం చేసుకొన్నాక వారి చేతనే ఆ సరుకును సేకరింపజేసేది. రాకెట్ ప్రయోగ కేంద్రం కోసం భూసేకరణ జరిగినప్పుడు వారు అక్కడి నుంచి కదలవలసి వచ్చింది. రాపూరు, ఉదయగిరి కొండల అంచున ఉన్న యానాది కుటుంబాలు నేటికీ అడవి నుంచి కొంత జీవనం వెతుక్కొంటున్నాయి. తరతరాల అనుభవం ఉన్న జాతిని అడవికి పరాయిదిగా లెక్కగట్టడం అన్యాయం. చట్టం పీఠికలోనే అటవీవాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని పార్లమెంటు ఒప్పుకొన్నది ఇటువంటి వాటి గురించే.

గ్రామసభ అంటే ఏ సభ?

ఈ రెండు జిల్లాల్లో అసలు ముడి ఇక్కడ ఉంది. నల్లమల తూర్పు వాలు గాని వెలిగొండలు గాని రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ప్రాంతంలో లేవు. కాబట్టి షెడ్యూలు ప్రాంతాల పంచాయతీ చట్టం, అంటే పీసా, ఇక్కడ వర్తించదు. పీసా లేదు గనుక అటవీ హక్కులూ లేవని కొందరు, ఉన్నా గిరిజనులకు మాత్రమేనని మరికొందరు చెబుతుంటారు. రెండూ పొరపాటే. అటవీ హక్కుల చట్టం అన్ని రకాల అటవీ భూములకు, రిజర్వు అడవులకు, అభయారణ్యాలకు సైతం వర్తిస్తుంది. షెడ్యూలు ప్రాంతమా కాదా అన్న భేదం దానికి లేదు. మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవిని ఆశ్రయించి బతుకుతున్న ఇతర సంప్రదాయ అటవీవాసులు కూడా అర్హులే.

పీసా లేకపోవడం వల్ల వచ్చే నష్టం వేరు. షెడ్యూలు ప్రాంతంలో ఒక గూడెం తనంతట తానే గ్రామంగా, దాని సభే గ్రామసభగా నిలిచే వీలుంది. ఇక్కడ సాధారణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ అంటే పంచాయతీ మొత్తం సభ. ఉదాహరణకు మూడు వేల మంది వయోజనులున్న పంచాయతీలో నూట ఇరవై మంది వయోజనులుండే చెంచు గూడెం ఒకటి ఉందనుకొందాం. 2012లో సవరించిన నియమాల ప్రకారం అటవీ హక్కుల గ్రామసభకు సగం మంది హాజరు కావాలి, హాజరైనవారిలో మూడోవంతు మహిళలుండాలి. అంటే గూడెం అడవి గురించి తీర్మానం చేయడానికి ఆ అడవితో సంబంధం లేని పెద్ద ఊరి నుంచి పదిహేను వందల మంది దాకా కదలి రావాలి. అది జరగదు. కోరం లేక సభ వాయిదా పడుతుంది, లేదా పంచాయతీ కార్యాలయంలో కొద్దిమంది సంతకాలతో తీర్మానం తయారవుతుంది. అటువంటి తీర్మానం, క్లెయిములను పరిశీలించే పై స్థాయి కమిటీలో నిలబడదు. అదే సభ గూడెంలో జరిగితే అరవై మంది కూర్చుంటే కోరం సరిపోతుంది.

దీనికి పరిష్కారం చట్టంలోనే ఉన్నా దానిని వాడుకొన్న చోట్లు తక్కువ. గ్రామానికి చట్టం ఇచ్చిన నిర్వచనంలో పాత ఆవాసాలు, సర్వే కాని ఊళ్లు, గ్రామంగా ప్రకటించినా ప్రకటించకపోయినా చేరతాయి. 2012లో చేర్చిన 2ఎ నియమం ప్రకారం, రెవెన్యూ రికార్డుల్లో గ్రామంగా లేని గూడేలు, పెంటలు (చెంచుల చిన్న ఆవాసాలు), ఇతర ఆవాసాల జాబితాను ప్రతి పంచాయతీ తయారు చేయాలి. ఆ ఆవాసం సభ దానిని ఆమోదించాలి. ఆపై పంచాయతీ తీర్మానంతో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి జిల్లా స్థాయి కమిటీకి వెళ్లి ఖరారు కావాలి. ఖరారైన ఆవాసం ఈ చట్టం వరకు గ్రామమే. దాని సభే గ్రామసభ. అది ఎన్నుకొన్న 10 నుంచి 15 మంది సభ్యులే అటవీ హక్కుల కమిటీ. కమిటీలో మూడోవంతుకు తగ్గకుండా మహిళలు, గిరిజనులున్న చోట మూడింట రెండు వంతులకు తగ్గకుండా గిరిజనులు ఉండాలి.

గ్రామాలకు తోడ్పడాలనుకొనే వారెవరైనా, స్వచ్ఛంద సంస్థలైనా అధికారులైనా, మొదటి రోజుల శ్రమను ఈ జాబితా మీద పెట్టడం సరైనది. ఫారం-సి నింపడం తరువాతి సంగతి. పునాది సభే సరిగా లేనప్పుడు ఎంత చక్కగా గీసిన పటమైనా తిరిగివస్తుంది.

హద్దు గీయడంలో ఇరుగుపొరుగు

రెండో కష్టం హద్దు. సాగు పట్టాకు సర్వేయర్ గొలుసు పట్టి కొలిస్తే సరిపోతుంది. ఊరి అడవికి అలా కుదరదు. ఈ కొండ కొమ్ము నుంచి ఆ వాగు కలిసేచోటు దాకా, ఫలానా చెలమ నుంచి ఫలానా దేవర చెట్టు దాకా అని పెద్దలు చెప్పే ఆనవాళ్లే దాని హద్దులు. చట్టం వీటిని తక్కువ చేయలేదు. సామూహిక క్లెయిముకు సాక్ష్యంగా మేత స్థలాలు, దుంపలూ పండ్లూ దొరికే చోట్లు, నీటి వనరులు, పవిత్ర వృక్షాలు, శ్మశానాలు, పాత కట్టడాల శిథిలాలు పనికివస్తాయని 13వ నియమం పేర్కొంది. జీపీఎస్‌తో పటం తయారు చేయడం ఇప్పుడు తేలికే. పటం గీయకముందు గూడెం పెద్దలతోనూ స్త్రీలతోనూ కలిసి హద్దు వెంట నడవడం మాత్రం తప్పనిసరి. దుంపలు, కుంకుళ్లు ఎక్కడ దొరుకుతాయో స్త్రీలకే ఎక్కువగా తెలుసు. వారు లేకుండా గీసిన పటంలో వేట దారులుంటాయి, వంటింటి అడవి ఉండదు.

ఈ ప్రాంతంలో హద్దు తగాదాలు ఎక్కువగా వచ్చే అవకాశం గొర్రెల కాపరులతోనే. నెల్లూరు జాతి గొర్రెకు పేరు తెచ్చిన మెట్ట నేలల్లో వేసవి మేత కరువు ఏటా ఉండేదే. మందలు అడవి అంచులకు చేరతాయి. కాపరులు ఎక్కువగా వెనుకబడిన తరగతుల వారు కాబట్టి 75 ఏళ్ల నివాసం చూపవలసిన వర్గంలోకి వస్తారు. గూడెం పటంలో వారి మేత దారిని వదిలేస్తే హక్కుపత్రం వచ్చిన మరుసటి వేసవిలోనే గొడవ మొదలవుతుంది. రెండు ఊళ్ల క్లెయిములు ఒకే చోట కలిసినప్పుడు రెండు కమిటీలూ కూర్చొని మాట్లాడుకొని, తేలిన దానిని తమ గ్రామసభల ముందుంచాలని, తేలకపోతేనే సబ్ డివిజన్ కమిటీకి వెళ్లాలని నియమాలు చెబుతున్నాయి. హక్కులు ఉమ్మడిగా కూడా ఉండవచ్చు. ఒక గుట్ట మీద గూడేనికి తేనె హక్కు, కాపరులకు రెండు నెలల మేత హక్కు నమోదు చేయడానికి అడ్డంకి లేదు. జిల్లాల పునర్విభజనతో అడవి ఒక జిల్లాలో, ఊరు మరో జిల్లాలో పడినా క్లెయిము చెల్లుతుంది. అంతర్ జిల్లా క్లెయిములను సమన్వయం చేయడం జిల్లా స్థాయి కమిటీ విధుల్లోనే ఉంది.

క్షేత్ర పరిశీలనకు ముందు అటవీ, రెవెన్యూ శాఖలకు రాతపూర్వక సమాచారం పంపి అందినట్లు రసీదు తీసుకోవాలి. వారు హాజరై సంతకం చేయాలి. రాలేదని తరువాత అభ్యంతరం వస్తే మళ్లీ పరిశీలన జరపాలి. రెండోసారీ రాకపోతే గ్రామసభ నిర్ణయమే చెల్లుతుంది. ఆ రసీదు భద్రంగా లేకపోతే ఈ రక్షణ అక్కరకు రాదు.

సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది

మా దగ్గర కాగితం లేదు అన్నది చాలా గూడేల్లో వినిపించే మాట. చట్టం కోరేది రెండు రకాల సాక్ష్యాలు మాత్రమే. వాటిలో ఒకటి క్లెయిముదారు కాని పెద్దల వాంగ్మూలం కావచ్చు. రెండోది ప్రభుత్వం వద్దనే ఉంటుంది. గెజెటీర్లు, జనాభా లెక్కలు, సెటిల్మెంటు నివేదికలు, అటవీ విచారణ నివేదికలు, అటవీ శాఖ వర్కింగ్ ప్లానులు, సంస్థానాల నాటి రికార్డులు అన్నీ సాక్ష్యాలే. 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ యానాదుల గురించి చెప్పినది ఈ కోవలోకి వస్తుంది. వెంకటగిరి సంస్థానం నాటి పత్రాలు, చెంచులపై వచ్చిన మానవశాస్త్ర అధ్యయనాలు కూడా అంతే. ఇవి జిల్లా కేంద్రాల్లో, ప్రాచీన పత్రాల భాండాగారాల్లో ఉంటాయి. గూడెం మనిషి అక్కడికి వెళ్లి వెతకలేడు. చదువుకొన్నవారి సాయం ఊరికి నిజంగా కావలసిన చోటు ఇదే. ఒక్కసారి తీసిన నకలు ఒక మండలంలోని అన్ని గూడేలకూ పనికివస్తుంది.

75 ఏళ్ల షరతు గురించి స్పష్టంగా తెలుసుకోవలసిన విషయమొకటి ఉంది. గిరిజనేతరులు చూపవలసింది 75 ఏళ్ల నివాసాన్ని, అడవిపై ఆధారపడిన జీవనాన్ని. ఫలానా భూమి 75 ఏళ్లుగా తమ స్వాధీనంలోనే ఉందని చూపనక్కరలేదు. ఉపగ్రహ చిత్రంలో కనబడలేదన్న ఒక్క కారణంతో క్లెయిమును తోసిపుచ్చడమూ సరికాదు. ఆ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమే.

పులుల అభయారణ్యం లోపలి గూడేలు

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో పాలుట్ల వంటి చెంచు గూడేలున్నాయి. పులులున్న చోట ఊరికి హక్కు ఎలా అని సందేహం కలగడం సహజం. కర్ణాటకలోని బిళిగిరి రంగస్వామి ఆలయ పులుల అభయారణ్యంలో సోలిగ గిరిజనుల గ్రామసభలకు 2011లో సామూహిక హక్కులు గుర్తించారు. అక్కడ అభయారణ్యం హోదా అలాగే ఉంది, తేనె సేకరణా సాగింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో జరిగిన సవరణ కూడా హక్కుల గుర్తింపు పూర్తికానిదే, ప్రజల సమ్మతి లేనిదే పునరావాసం జరపరాదని చెబుతోంది. అంటే గూడెం బయటకు రావాలా వద్దా అన్న చర్చకు ముందే దాని హక్కులు కాగితం మీదికి రావాలి. లేకుంటే బయటకు వచ్చే కుటుంబం ఏమి వదులుకొంటున్నదో లెక్క తేలదు. చెంచులు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహం కావడంతో మరో వెసులుబాటు ఉంది. ఊరి అడవి హక్కుకు తోడు, తమ సంచార పరిధి మొత్తానికి ఆవాస హక్కును కూడా వారు కోరవచ్చు.

వెలిగొండల్లో మరో జాగ్రత్త అవసరం. ఎర్రచందనం కలప చిన్నతరహా అటవీ ఉత్పత్తి కాదు. హక్కుపత్రం వచ్చినా దానిని కొట్టే అధికారం ఊరికి రాదు. దానిని కాపాడే అధికారం మాత్రం సెక్షన్ 5 కింద గ్రామసభకు వస్తుంది. అక్రమ నరికివేతలో కూలీలుగా చిక్కుకొని జైళ్ల పాలవుతున్న పేదలున్న ప్రాంతంలో, అదే పేదల సభకు కాపలా అధికారం దక్కడం చిన్న మార్పు కాదు.

హక్కు చేతికి వచ్చాక

వన సంరక్షణ సమితులు ఉండగా ఇదంతా ఎందుకనే ప్రశ్న తరచుగా వస్తుంది. 1990లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ సమితులు అటవీ శాఖ ఉత్తర్వుతో పుట్టాయి. ఉత్తర్వు మారితే అవీ మారతాయి. వాటి ప్రణాళికకూ ఖర్చుకూ శాఖ ఆమోదం కావాలి. సామూహిక హక్కు చట్టం నుంచి వచ్చినది, దానిని నిర్వహించేది గ్రామసభ వేసుకొన్న కమిటీ. చట్టం అమలైన తొలి ఏళ్లలో రాష్ట్రంలో అనేకచోట్ల గ్రామసభలకు ఇవ్వవలసిన సామూహిక పత్రాలను వన సంరక్షణ సమితుల పేరిట ఇచ్చి విమర్శలు మూటగట్టుకొన్నారు. అటువంటి పత్రమున్న ఊరు దానిని గ్రామసభ పేరిట సరిచేయమని కోరడం మంచిది.

పత్రం రాగానే ఆదాయం రాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెంఢా-లేఖా గ్రామానికి 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై హక్కు వచ్చినా, వెదురును బయటకు తరలించే పర్మిట్ విషయంలో అటవీ శాఖతో పెనుగులాట తప్పలేదు. 2011లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఊరికి వచ్చి పర్మిట్ పుస్తకాన్ని గ్రామసభకు అందించాకే అమ్మకం సాగింది. 2012 సవరణ ఆ తరలింపు అనుమతి ఇచ్చే అధికారాన్ని గ్రామసభ కమిటీకే అప్పగించింది. నల్లమల గూడేనికి దీని అర్థం సూటిగా ఉంటుంది. గిరిజన సహకార సంస్థ డిపోలో ధర గిట్టితే అక్కడ అమ్మవచ్చు, గిట్టకపోతే తేనెను ఒంగోలు దాకా తెచ్చి అమ్ముకోవచ్చు. అందుకు తూకం, నిల్వ, లెక్క రాసే మనిషి, కొద్దిపాటి పెట్టుబడి కావాలి. గిరిజన గ్రామాల కోసం 2024 అక్టోబరులో మొదలైన ధర్తీ ఆబా కార్యక్రమంలో అటవీ హక్కుల విభాగాల ఏర్పాటుకు, సామూహిక అడవుల నిర్వహణ ప్రణాళికలకు చోటు కల్పించడం ఇందుకు ఉపకరించవచ్చు.

హక్కుపత్రాలు జారీ అయ్యాక మూడు నెలల్లోపు రెవెన్యూ, అటవీ రికార్డుల్లో వాటిని నమోదు చేసి తుది పటం తయారు చేయాలి. పత్రం గోడకు వేలాడుతుండగా రికార్డు పాతదే ఉంటే, రేపు ఆ అడవిని ప్రాజెక్టుకో గనికో అడిగినప్పుడు ఫైలులో ఊరి పేరు కనబడదు. క్లెయిము తిరస్కరణకు గురైతే కారణాలు రాతపూర్వకంగా గ్రామసభకు తెలపాలి. అక్కడి నుంచి 60 రోజుల్లో పై కమిటీకి విన్నవించుకోవచ్చు. అసలు క్లెయిమే పెట్టని ఊళ్ల విషయంలోనూ కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి 12బి నియమం ఒక బాధ్యత అప్పగించింది. అటవీవాసులున్న ప్రతి గ్రామానికీ సామూహిక అటవీ వనరుల హక్కు గుర్తింపు జరిగేలా ఆ కమిటీయే చూడాలి. ఏ ఊరికైనా జరగకపోతే, ఎందుకు జరగలేదో కమిటీ కార్యదర్శి కారణాలు నమోదు చేయాలి. తమ గూడెం పేరు ఎదురుగా ఏ కారణం రాశారో చూపమని సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు.